పద్నాలుగు నిమిషాలు ముందు నడిచిన వాచీ

ఈ రోజు పొద్దున్న అయిదు గంటలకే కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి, ఫ్రిజ్ మూలుగు ఆగింది, పక్కింటి నీళ్ల మోటారూ ఆగింది. ఇల్లంతా సద్దుమణిగాక నా రాతబల్ల మీంచి ఒక సన్నని చప్పుడు వినపడటం మొదలైంది. నాలుగు మడతలు వేసిన తెల్ల చేతిరుమాలు మీద, అద్దం పైకి ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టిన వాచీ చప్పుడది. చేటలో బియ్యం నెమ్మదిగా జరుపుతున్నట్టు, హడావిడి లేకుండా, ఎడతెగకుండా వస్తోంది. ఆ వాచీ నాది కాదు. వారం క్రితం రాజమండ్రిలో అంతా విప్పించి, నూనె వేయించి, ఓవరాయిలింగు చేయించి తెచ్చాను. అలా తెచ్చాక వారం రోజులు నా దగ్గర ఉంచుకుని, నడక చూసి, అప్పుడు గానీ సొంతదారుకి ఇవ్వకూడదని మా ఇద్దరికీ పాతికేళ్లకు పైబడిన ఒప్పందం. ఈ రోజుతో వారం పూర్తయింది. ఆ చప్పుడు వింటూ కూర్చుంటే సీతామహాలక్ష్మి గారి గురించి రాయాలనిపించింది. ఆవిణ్ణి ఎరగని వాళ్లకి ఆవిడెవరో చెప్పాలంటే ఈ వాచీ గురించి చెప్పడమే దగ్గర దారి.

తొంభైల మధ్యలో నాకు ఇరవై నాలుగేళ్లు. మాది పెద్దాపురం. ద్రాక్షారామం దాటాక కాలువ గట్టున ఉన్న ఒక ఊళ్లో, హైస్కూల్లో ఫిజికల్ సైన్సు మాస్టారుగా ఉద్యోగం వచ్చింది. చేరవలసిన రోజున రెండు బస్సులు మారి, చెమటతో తడిసిన సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని, ఇరవై నిమిషాలు ఆలస్యంగా హెడ్మిస్ట్రెస్ గది గుమ్మంలో నిలబడ్డాను. లోపల సన్నగా, పొట్టిగా ఒకావిడ కూర్చుని ఉన్నారు. గంజి పెట్టిన నేతచీర, కుడిచేతికి ఒకే ఒక్క గాజు, ఎడమచేతికి మాత్రం మగవాళ్లు పెట్టుకునేంత పెద్ద వాచీ. మనిషి కన్నా వాచీయే ముందు కనపడింది అంటే అతిశయోక్తి కాదు.

"రండి మాస్టారూ. తప్పు బస్సుదా, మీదా?" అన్నారు.

"బస్సుదేనండి," అన్నాను వెంటనే.

"అయితే రేపట్నుంచి దానికి ముందు బస్సు ఎక్కండి. అప్పుడు తప్పెవరిదో మనం తేల్చుకోనక్కర్లేదు."

మర్నాటికల్లా ఆ ఊళ్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడతో వాదించడం కన్నా అదే తేలిక అనిపించింది.

ఆ వాచీ ఆవిడకు మేనమామ ఇచ్చారట. ఆయన కాకినాడ రేవులో ఓడల ఇంజన్లు బాగుచేసేవారు. మేనకోడలు బి.ఎడ్. పాసైందని తెలిసిన రోజున తన చేతికి ఉన్నది విప్పి ఆవిడ చేతికి పెట్టారట. లోపలి చక్రాలకి పదిహేడు రాళ్లున్న స్విస్ వాచీ, రోజూ కీ ఇస్తే గానీ నడవనిది. బెల్టుకి మరో రెండు బెజ్జాలు పొడిపించుకుని ఆవిడ దాన్ని ముప్ఫై ఏళ్లుగా పెట్టుకుంటున్నారు. దాని సేవ చూసి తీరాలి. పొద్దున్న సరిగ్గా ఆరున్నరకి కీ ఇవ్వాలి, అదీ చేతికి ఉండగా కాదు, విప్పి పట్టుకుని. ముళ్లు వెనక్కి తిప్పకూడదు. బోరింగు దగ్గరికి వెళ్లేటప్పుడు, భోజనానికి చెయ్యి కడుక్కునేటప్పుడు విప్పి సొరుగులో రుమాలు మీద పెట్టాలి. సాయంత్రం ఇంటికెళ్లాక వెనక మూతకి పట్టిన చెమట పాత పంచెముక్కతో తుడవాలి. మా గోదావరి గాలికి, ఆ తేమకి తోలుబెల్టు ఆర్నెల్లలో బూజు పడుతుంది కాబట్టి రెండు బెల్టులు ఉండాలి, ఒకటి ఆరుతుంటే ఒకటి చేతికి. మూడేళ్లకోసారి రాజమండ్రిలో ఓవరాయిలింగు. ఆదివారం ఉదయం రేడియోలో వార్తల ముందు వచ్చే టైముతో సరిచూసుకోవడం. వారానికి అర నిమిషం తేడా వస్తే ఆవిడ మొహంలో ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినంత దిగులు కనపడేది.

ఊరు కూడా ఆ వాచీని అంతగానూ నమ్మింది. బడి గంట ఆవిడ వాచీ చూసి కొట్టేవాడు అటెండర్ అప్పారావు. ఆ గంట విని కిరాణా కొట్టాయన గోడ గడియారం సరిచేసుకునేవాడు. స్టాఫ్‌రూములో ఎవరి వాచీ అయినా తేడా వస్తే, "మేడం గారి టైము ఎంతండీ?" అని అడిగి తిప్పుకోవడమే తప్ప ఇంకో మాట ఉండేది కాదు.

నేను చేరిన రెండో నెలలో ఒకరోజు ఎనిమిదో తరగతిని పట్టుకున్నాను. సాంద్రత లెక్క ఒక్కటి ఎంతకీ రావడం లేదు పిల్లలకి. చివరి గంట కొట్టినా వదల్లేదు. వచ్చేదాకా కదిలేది లేదని కూర్చోబెట్టి, నలభై నిమిషాలు అదే లెక్క పదేపదే చెప్పాను. ఇద్దరు ఏడ్చారు, ఒకడు నిద్రపోయాడు. నేనేదో ఘనకార్యం చేస్తున్నాననే అనుకున్నాను. బయటికొస్తుంటే వరండాలో సీతామహాలక్ష్మి గారు. "రేపు ఆరున్నరకి ఒకసారి మా ఇంటికి రండి మాస్టారూ," అని వెళ్లిపోయారు. ఆ రాత్రి మెమో ఇస్తారా, ట్రాన్స్‌ఫర్ రాస్తారా అనే ఆలోచనతోనే సరిపోయింది.

పొద్దున్న వెళ్తే కాఫీ ఇచ్చారు. వాచీ విప్పి నా చేతిలో పెట్టి, "కీ ఇవ్వండి," అన్నారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య వాచీ పక్కనున్న ఆ చిన్న మర పట్టుకుని తిప్పాను. సన్నగా కిర్రు కిర్రుమంటోంది. ఇరవై దాటాక బిగిసింది. ఆపేశాను.

"ఏం, ఆపారేంటి?"

"బిగుసుకుందండి."

"ఇంకొక్క తిప్పు తిప్పండి చూద్దాం."

"అమ్మో, వద్దండి. స్ప్రింగు తెగిపోతుందేమోనండి."

"మరి నిన్న సాయంత్రం ఎనిమిదో తరగతిని అలా తిప్పారేంటండీ?"

ఆవిడ వాచీ తీసుకుని చేతికి పెట్టుకుంటూ, "బిగిసిన చోట ఆగడమే కీ ఇవ్వడం మాస్టారూ. మిగతాది అదే నడుస్తుంది, రేపటిదాకా," అన్నారు. ఆ లెక్క మర్నాడు పది నిమిషాల్లో వచ్చేసింది పిల్లలకి. ట్రైనింగు కాలేజీలో ఏడాదిపాటు నేర్చుకున్నది నాకిప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు, ఇది మాత్రం వేళ్లకు గుర్తుంది.

ఇలాంటి ఆవిడ వాచీని నేను పాడుచేశాను. అది మూడో ఏడు. ఆవిడ రిటైర్ అవడానికి ఇంకా ఏడాదిన్నర ఉందనగా జరిగింది.

మా పెద్దాపురంలో మరిడమ్మ జాతరకి మైకుసెట్లు పెట్టే ఆయన దగ్గర, కాలిపోయిన పెద్ద స్పీకరు ఒకటి అడిగి తెచ్చుకుని, దాంట్లోంచి అయస్కాంతం ఊడదీయించాను. చిన్న పళ్లెమంత ఉండేది. మేకులడబ్బాని దూరం నుంచే లాగేసేది. ఎనిమిదో తరగతికి అయస్కాంతత్వం పాఠం ఆ సోమవారమే మొదలుపెట్టాను. పిల్లలు ఎగబడ్డారు. సైన్సు బీరువాకి తాళం లేదు, బయట పెడితే మధ్యాహ్నానికి అది గోళీలాటలో తేలుతుంది. బడి మొత్తానికి తాళం పడే సొరుగు ఒకటే, హెడ్మిస్ట్రెస్ గారి బల్లది. చాక్‌పీసుల పెట్టెలు కూడా అందులోనే ఉండేవి, మాస్టర్లందరం తీసుకుంటూ పెడుతూ ఉండేవాళ్లం. అయస్కాంతాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి ఆ పెట్టెల పక్కన పెట్టాను. ఆ పక్కనే నాలుగు మడతల తెల్ల రుమాలు ఉంది. రోజూ మధ్యాహ్నం ముప్పావుగంటసేపు వాచీ పడుకునే చోటు అది. నా కళ్లకి అది కనపడింది గానీ బుర్రకి ఎక్కలేదు.

మంగళవారం ఉదయం నా ఎలక్ట్రానిక్ వాచీ బడి గంట కన్నా నాలుగు నిమిషాలు వెనకబడింది. బ్యాటరీ అయిపోతోందనుకుని ముందుకు తిప్పాను. బుధవారం మళ్లీ అయిదు నిమిషాలు వెనకబడింది. మళ్లీ తిప్పాను. తెలుగు మాస్టారూ తిప్పుకున్నారు, డ్రిల్లు మాస్టారూ తిప్పుకున్నారు, ఎవరికి వాళ్లం మన వాచీయే పాడైందని గుట్టుగా తిప్పుకున్నాం. రామచంద్రపురం బస్సు ఈ మధ్య లేటుగా వస్తోందని స్టాఫ్‌రూములో దాన్ని తిట్టుకున్నాం కూడా. పాపం, ఆ బస్సు జన్మలో మొదటిసారి టైముకి నడిచిన వారం అదేనేమో.

మా బడిలో ఒక పద్ధతి ఉండేది. గంట తర్వాత ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తే అన్ని నిమిషాలు గేటు పక్కన, ఎండలో నిలబడాలి. కొట్టడం, తిట్టడం ఉండదు. మంగళవారం అయిదారుగురు నిలబడ్డారు. బుధవారం ఇరవై మంది. గురువారం నలభై ముగ్గురు. సీతామహాలక్ష్మి గారికి కోపం వచ్చింది. వరసగా అడుగుతూ వెళ్లి, ఏడో తరగతి నూకరత్నం దగ్గర ఆగిపోయారు. గట్టు అవతల చేపలు పట్టేవాళ్ల పిల్ల అది. వాళ్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి వెళ్లాక, తమ్ముడికి అన్నం పెట్టి, రెండు మైళ్లు నడిచి వచ్చేది. ఒక్కరోజు ఆలస్యం కాలేదు అప్పటిదాకా.

"నువ్వేంటే రత్నం?"

"రోజూలాగే వచ్చానండి. మిల్లు కూత విన్నాకే బయల్దేరానండి," అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ గొంతు వణకలేదు.

"మిల్లు కూత ఆలస్యమై ఉంటుంది."

"కూత మారలేదండి. కూత కూసేటప్పటికి ఎండ మా గడప మీదికి వత్తాదండి. ఇయ్యాలా అక్కడికే వచ్చిందండి."

ఆవిడ తన వాచీ వైపు ఒకసారి చూసుకున్నారు. తన గదిలోకి వెళ్లిపోయారు. ఒంటిగంట కావస్తుండగా అప్పారావు చేత రేడియో తెప్పించి, మమ్మల్నందరినీ పిలిచారు. బల్ల మీద రేడియో పెట్టి, సొరుగు లాగి, రుమాలుతో సహా వాచీ తీసి దాని పక్కన పెట్టారు. వాచీలో అప్పటికే ఒంటిగంట దాటి పన్నెండు నిమిషాలైంది. రేడియోలో ఎవరో ఎరువుల గురించి మాట్లాడుతున్నారు. ఇంకో నిమిషం గడిచింది, మరో నిమిషం గడిచింది. అప్పుడు కీచుమని టైము ఇచ్చింది రేడియో. ఒంటిగంట. వాచీలో ఒంటిగంటా పద్నాలుగు.

అందరూ వాచీ మీదికి వంగారు. నేను మాత్రం వాచీని చూడటం లేదు, తెరిచి ఉన్న సొరుగును చూస్తున్నాను. అందులో న్యూస్‌పేపరు పొట్లం ఉంది. ఆ ముందురోజే ఎనిమిదో తరగతికి నోట్సు చెప్పి రాయించాను, అయిదో పాయింటు: 'చేతి గడియారాలను అయస్కాంతాలకు దూరంగా ఉంచవలెను.' శ్రీరంగనీతులు అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

చెప్పాల్సింది ఆ క్షణంలోనే. చెప్పలేదు. ఆవిడ మెల్లగా, "వాచీకేం కాలేదేమో. నా వేళ్లలోనే పట్టు తప్పుతోందేమో. కీ సరిగ్గా ఇవ్వలేకపోతున్నానేమో," అన్నారు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి వాచీ లేకుండా చేతిని చీర కొంగులో దాచుకుని క్లాసుకి వెళ్లారు. రేపట్నుంచి ఏదో ఒక గోడ గడియారం చూసి గంట కొట్టమని అప్పారావుకి చెప్పారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా తేలుకుట్టిన దొంగలా గదికి పోయి పడుకున్నాను. చెబితే ఆవిడ కళ్లలో నేనేమైపోతానో అనే భయం తప్ప అప్పుడు నాకింకేమీ కనపడలేదు.

శుక్రవారం ప్రార్థన అయ్యాక ఆవిడ పిల్లల ముందుకొచ్చి నిలబడ్డారు. "మూడు రోజులుగా మీరు ఆలస్యంగా రాలేదర్రా. నేనే ముందు వచ్చాను. నా వాచీ పద్నాలుగు నిమిషాలు ముందుంది. రత్నం చెప్పినా నేను వినలేదు," అన్నారు. నూకరత్నాన్ని పిలిచి, నా చేతి వాచీ అడిగి తీసుకుని ఆ పిల్లకిచ్చి, "పద్నాలుగు నిమిషాలయ్యాక గంట కొట్టవే," అన్నారు. గొడుగు తీసుకోకుండా నడిచి వెళ్లి గేటు పక్కన, పిల్లలు నిలబడిన చోటే ఎండలో నిలబడ్డారు. అప్పారావు కుర్చీ తీసుకుని పరిగెత్తాడు. వెనక్కి పంపేశారు.

బడంతా చూస్తోంది. నా తప్పుకి ఆవిడ నిలబడ్డారు. ఏడెనిమిది నిమిషాలు తట్టుకున్నాను, ఆ తర్వాత నా వల్ల కాలేదు. వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను.

"మేడం గారండీ, తప్పు వాచీది కాదండి. మీ చేతిదీ కాదండి. నాదండి."

ఆవిడ నా వైపు తిరగను కూడా లేదు. "ఇంకో ఆరు నిమిషాలుంది మాస్టారూ. అయ్యాక చెప్పండి," అన్నారు.

నా జీవితంలో అంత పొడుగైన ఆరు నిమిషాలు మళ్లీ రాలేదు. నూకరత్నం గంట కొట్టింది, అవసరమైన దానికన్నా చాలా గట్టిగా కొట్టింది. అప్పుడు మొత్తం చెప్పాను: జాతర, స్పీకరు, పొట్లం, సొరుగు, గురువారం నోరు మెదపకపోవడం. విని, ఆవిడ ఎనిమిదో తరగతి నోట్సు ఒకటి తెప్పించి, అయిదో పాయింటు దగ్గర వేలు పెట్టారు.

"రాయించింది మీరేనా?"

"నేనేనండి."

"పిల్లలందరూ చదివారు. మాస్టారు ఒక్కరే చదవలేదు," అని నవ్వడం మొదలుపెట్టారు. మొదట పెదాలతో, తర్వాత భుజాలు అదిరేలా. ఆవిడ అంతలా నవ్వడం మేమెవరం చూసి ఉండలేదు. చివరికి కళ్లు తుడుచుకుంటూ, "నా చెయ్యి బాగానే ఉందన్నమాట," అన్నారు. ఆవిడకి కావలసింది ఆ ఒక్కమాటేనని, అది ఒక రోజంతా నేను దాచుకున్నానని అప్పుడు అర్థమై సిగ్గుపడ్డాను.

ఆదివారం ఇద్దరం రాజమండ్రి వెళ్లాం. మెయిన్ రోడ్డు పక్క సందులో వాచీ మెకానిక్ మంగరాజు గారు అరతలుపు తీసి కూర్చుని ఉన్నారు. మా కథ సగం విని, చిన్న దిక్సూచి తీసి వాచీ పక్కన పెట్టారు. దిక్సూచి ముల్లు ఉలిక్కిపడి వాచీ వైపు తిరిగింది.

"దీనికి రోగం లేదండి అమ్మగారూ. అయస్కాంతం గాలి సోకిందంతేనండి. లోపల హెయిర్ స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, పరుగు పెరిగిపోద్ది." వైరు చుట్టిన ఒక పెట్టెలోంచి వాచీని నెమ్మదిగా ఇవతలికి లాగారు. మళ్లీ దిక్సూచి పక్కన పెడితే ముల్లు కదల్లేదు. చిటికెలో అయిపోయింది.

"నేను కీ ఇవ్వడంలో లోపమేం లేదుగా?" అని ఆవిడ మళ్లీ అడిగారు.

"మీ చేతికి తప్పు చెయ్యడం తెలీదండి. ఈ మాస్టారెవరో గానీ, ఆయన్ని కాస్త దూరంగా ఉంచండి," అన్నారాయన.

తిరుగు బస్సులో నేను అదే మాట అన్నాను. ఇకమీదట ఆ సొరుగు ఛాయలకి కూడా రానని ఒట్టు పెట్టాను. ఆవిడ వాచీ చేతికి పెట్టుకుని, బెల్టు బిగించుకుని, "కాదు. ఇకనుంచి ఓవరాయిలింగుకి మీరే తీసుకెళ్లండి," అన్నారు.

"నేనాండీ? పాడుచేసిందే నేను కదండీ!"

"అందుకే. ఒకసారి పాడుచేసి, ఒప్పుకున్నవాడికి భయం తెలుసు. భయం తెలిసినవాడి చేతిలో వస్తువు భద్రంగా ఉంటుంది."

అప్పటినుంచి మూడేళ్లకోసారి నేనే తీసుకెళ్తున్నాను. మంగరాజు గారి తర్వాత ఇప్పుడు వాళ్లమ్మాయి కంటికి భూతద్దం పెట్టుకుని ఆ కొట్లో కూర్చుంటోంది. సీతామహాలక్ష్మి గారు రిటైరైన రోజున, ఆ వాచీ నాకిస్తారేమోనని స్టాఫంతా నా వైపు చూశారు. నేనూ ఆశపడ్డాననే ఒప్పుకోవాలి. ఆవిడ అందరి ముందూ, "మాస్టారూ, ఆశ పెట్టుకోకండి. టైము చూసుకోవడానికి నేనింకా ఉన్నాను," అన్నారు. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. రామచంద్రపురంలో చెల్లెలి గారింటి పక్క వాటాలో ఉంటున్నారు. చత్వారం ఎక్కువైంది గానీ ఆరున్నరకి కీ ఇవ్వడానికి కళ్లతో పనిలేదంటారు.

నేనూ ఇప్పుడు ఒక బడికి హెడ్మాస్టర్ని. పిల్లలెవరైనా ఆలస్యంగా వస్తే, వాళ్లనేదైనా అడిగేముందు నా వాచీ చూసుకుంటాను. చూసుకుని, దాన్నీ నమ్మకుండా ఇంకొకరి వాచీ అడుగుతాను. మా మాస్టర్లకి ఇదొక చాదస్తంలా కనపడుతుంది. పిల్లలకి మాత్రం మా హెడ్మాస్టరు గారికి టైము చూడటం రాదని గట్టి నమ్మకం. ఉండనీ, ఫరవాలేదు.

ఇంతసేపూ రాస్తూ కూర్చుంటే ఆరున్నర అయింది. వాచీ చేతిలోకి తీసుకుని కీ ఇచ్చాను. బిగిసిన చోట ఆపాను. ఆపీ ఆపకముందే, అవతల గదిలో దూరంగా పెట్టిన సెల్‌ఫోన్ మోగింది. ఈ వారమంతా ఇదే వేళకి మోగుతోంది.

"కీ ఇచ్చారా మాస్టారూ?"

"ఇచ్చానండి."

"వారానికి ఎంత తేడా?"

"పది సెకన్లు ముందుందండి."

"బాగుంది. ఎన్నింటికి వస్తున్నారు?"

"తొమ్మిదింటికల్లా మీ దగ్గరుంటానండి."

"నా చేతికి వాచీ లేదుగా, మీరు లేటైనా నాకు తెలీదనుకోకండి. ఎండ గడప మీదికి వచ్చేసరికి రండి. గేటు దగ్గర నిలబడి ఉంటాను."

సెల్‌ఫోన్‌ను సంచిలో వేసి ఆ సంచి కుడిభుజానికి తగిలించుకున్నాను. వాచీని రుమాల్లో చుట్టి ఎడమవైపు జేబులో పెట్టుకున్నాను. తొమ్మిదింటికి చేర్చే బస్సు ఉన్నా, దానికి ముందు బస్సుకే బయల్దేరాను.